ముఖానికి వచ్చిన పేరు, గొంతుకు వచ్చిన పేరు

1966లో అమెరికా టీవీలో మొదలైన అంతరిక్ష ఓడ కథల సీరియల్ 'స్టార్ ట్రెక్'లో ఆఫీసరు ఉహురాగా నిషెల్ నికోల్స్, నర్సు చాపెల్‌గా మేజెల్ బారెట్ నటించారు. ఇద్దరివీ పక్క పాత్రలే. ఇద్దరికీ పేరొచ్చింది, వచ్చిన దారులే వేరు.

నికోల్స్‌కి చాలా ఎపిసోడ్లలో దక్కింది ఒకటి రెండు డైలాగులే. విసుగొచ్చి మానేద్దామనుకుంటే మార్టిన్ లూథర్ కింగ్ వద్దన్నారని ఆవిడే చెప్పేవారు. నల్లజాతి స్త్రీ టీవీలో పనిమనిషిగా కాకుండా ఆఫీసరుగా కనిపించడం అప్పట్లో అంత అరుదు మరి. 1977లో నాసా ఆవిడ సాయం తీసుకుంది, ఆడవాళ్లూ నల్లజాతివాళ్లూ వ్యోమగాములుగా దరఖాస్తు చేసేలా ప్రచారం చేయడానికి. 1992లో అంతరిక్షంలోకి వెళ్లిన నల్లజాతి వ్యోమగామి మే జెమిసన్, చిన్నప్పుడు ఉహురాని చూసి స్ఫూర్తి పొందానన్నారు. డైలాగులు లెక్కపెట్టి ఇలాంటి పేరుని కొలవలేం.

బారెట్‌ది ఇంకో రకం. మొదటి పైలట్‌లో, అంటే చానల్‌కి చూపించడానికి తీసిన నమూనా ఎపిసోడ్‌లో, ఆవిడ ఓడకి రెండో అధికారి. ఆ పైలట్ చానల్‌కి నచ్చలేదు, పాత్ర పోయింది, చివరికి నర్సు వేషం మిగిలింది. కానీ ఓడలోని కంప్యూటర్ గొంతు ఆవిడదే. తర్వాతి స్టార్ ట్రెక్ సీరియళ్లలోనూ, 2009 సినిమాలోనూ అదే. గొంతు గుర్తుపట్టినవాళ్లలో ఎంతమందికి పేరు తెలుసు? మన డబ్బింగ్ ఆర్టిస్టుల సంగతి తెలిసినవాళ్లకి ఇది కొత్త కాదు.

గుర్తింపులో నికోల్స్‌దే పైచేయి. నాకు మాత్రం బారెట్ మీదే కాస్త ఎక్కువ జాలి. అన్నట్టు, అదే సీరియల్‌లో ముఖ్య పాత్ర స్పాక్‌గా చేసిన లెనార్డ్ నిమోయ్‌కి మూడుసార్లు ఎమ్మీ (అమెరికా టీవీ అవార్డు) నామినేషన్ వచ్చింది. నికోల్స్, బారెట్‌లకి ఆ సీరియల్‌కి ఒక్కసారీ రాలేదు.