పల్లేరు కాయల మీద 70 మైళ్ళు: మారథాన్ ప్లస్ టైర్లు

అమెరికాలో కాన్సస్ రాష్ట్రం పడమటి వైపు సైకిల్ మీద వెళ్దామనుకునే వాళ్ళు ముందు టైర్ల సంగతి చూసుకోండి, మిగతావన్నీ తర్వాత. నావి ష్వాల్బే కంపెనీ మారథాన్ ప్లస్, 700 బై 35 సైజు. ఇప్పటికి 3,200 మైళ్ళు తిరిగాయి, కానీ ఈ టైరు దేనికి పనికొస్తుందో ఒక్క రోజులో తెలిసినంతగా మిగతా రోజులన్నిటిలో తెలియలేదు, అందుకే ఆ రోజు గురించే రాస్తున్నా.

సెప్టెంబర్ మొదట్లో వచ్చే లేబర్ డే సెలవులకి నేనూ, విచిటాలో మా పక్క అపార్ట్‌మెంట్‌లో ఉండే ఖమ్మం తమ్ముడూ కలిసి డైటన్ నుంచి ట్రిబ్యూన్ దాకా కే-96 రోడ్డు పట్టుకుని తొక్కాం. దాదాపు 70 మైళ్ళు, అంటే 112 కిలోమీటర్లు. 1976లో అమెరికా రెండు వందల ఏళ్ళ పండగప్పుడు మొదలైన ట్రాన్స్‌అమెరికా సైకిల్ దారి, అటు ఒరెగాన్‌లోని ఆస్టోరియా నుంచి ఇటు వర్జీనియాలోని యార్క్‌టౌన్ దాకా 4,200 మైళ్ళ పైచిలుకు, ఈ రోడ్డు మీదుగానే పోతుంది. మైదానం అంటే నడుం లోతు గడ్డి ఊగుతూ ఉంటుందనుకుని వస్తే మాత్రం అది ఇక్కడ లేదు, ఆ పొడుగు గడ్డి మిగిలింది తూర్పున ఫ్లింట్ హిల్స్ వైపు. ఇక్కడ చాలావరకు దున్నేసిన నేల. గోధుమ కోసేసిన మోళ్ళు, మధ్యలో మొక్కజొన్న, ఆ తర్వాత రోడ్డుకి రెండు పక్కలా జొన్న. కంకులు అప్పుడే ఎరుపు తిరుగుతున్నాయి. మాది నంద్యాల వైపు, మనిషెత్తు జొన్న చూసి పెరిగినవాణ్ణి, ఇక్కడి జొన్న నడుం దాకా కూడా రాదు, మిషన్‌తో కోయడానికి వీలుగా పొట్టి రకం వేస్తారు. అయినా కంకి కంకే, సైకిల్ ఆపి ఒకటి చేత్తో పట్టుకుని చూసి గాని కదల్లేకపోయాను.

మాది అనిపించే ఇంకోటి కూడా ఉంది అక్కడ, అదే అసలు విషయం. పల్లేరు. నేలబారుగా పాకే తీగ, చిన్న పసుపు రంగు పూలు, ఆ కాయలు. ఇక్కడ వాటిని గోట్‌హెడ్స్ అంటారు. కాయ ఎండితే అయిదు ముక్కలవుతుంది, ఒక్కో ముక్కకి రెండు పెద్ద ముళ్ళు, చూస్తే అచ్చం కొమ్ములున్న మేక తలే. ఎలా పడ్డా ఒక ముల్లు పైకి నిలబడే ఉంటుంది. ఇది అమెరికా మొక్క కాదు, బయటి నుంచి వచ్చి ఈ ఎండు నేలల్లో పాతుకుపోయింది. మా నాయనమ్మకి కోపమొస్తే 'నీ వాకిట్లో పల్లేర్లు మొలవ' అని తిట్టేది, ఆ తిట్టు ఎంత పెద్దదో కాన్సస్ రోడ్డు అంచున అర్థమైంది. వేసవి చివర కాయలు ముదిరి రాలతాయి కాబట్టి సెప్టెంబర్ నెల మరీ కష్టం.

తమ్ముడి సైకిల్‌కి సన్న టైర్లున్నాయి, తేలికవి, కొన్నచోట 'రోడ్డు మీదే కదా, ఇవి చాలు' అన్నారట. స్కాట్ సిటీ దాకా 24 మైళ్ళు బాగానే నడిచాయి. అక్కడ పార్కులో చెట్టు నీడ చూసి, గడ్డి మీదుగా సైకిళ్ళు నడిపించుకుంటూ పోయి బల్ల దగ్గర పులిహోర తిన్నాం. అదే మేం చేసిన తప్పు. తిరిగి రోడ్డెక్కి రెండు మైళ్ళు పోయామో లేదో వెనక నుంచి "అన్నా, గాలి పోయింది!" అని కేక. ట్యూబు మార్చాం. మారియెంతాల్ దాటాక మళ్ళీ. లియోటా చేరేలోపు మూడోసారి, ఈసారి ముందు చక్రం. దక్షిణపు గాలి పక్క నుంచి ఎడతెగకుండా కొడుతుంటే, పశువుల లారీలు పోయినప్పుడల్లా గాలి ఒక్కసారి ఆగి మళ్ళీ నెడుతుంటే, రోడ్డు పక్కన కూర్చుని పంచర్ వేయడం ఎంత కష్టమో చెప్పలేను. చిల్లు ఎక్కడుందో కనిపెట్టడానికి నీళ్ళ తొట్టి లేదు, ఆ గాలిలో బుస్సుమనే చప్పుడు వినపడదు, ట్యూబుని పెదవుల దగ్గర పెట్టుకుని గాలి తగిలే చోటు వెతికాం. ట్రిబ్యూన్ చేరేసరికి మొత్తం అయిదు పంచర్లు, ఒక్కోదానికి అరగంట.

నా టైర్ల సంగతి. లియోటాలో పెట్రోల్ బంక్ పక్కన సైకిల్ తలకిందులు చేసి చక్రం మెల్లగా తిప్పుతూ చూశాను. వెనకదానికి ఏడు, ముందుదానికి నాలుగు పల్లేరు ముక్కలు దిగబడి ఉన్నాయి. ఒక్కోటి పీకుతుంటే ఇప్పుడు పోతుంది, ఇప్పుడు పోతుంది అని టెన్షన్, చెవి ఆనించి విన్నాను కూడా. ఒక్కదానికీ గాలి పోలేదు. కారణం చాలా సూటిగా ఉంటుంది. టైరు పైన రోడ్డుకి తగిలే రబ్బరు, దాని కింద 5 మిల్లీమీటర్ల మందాన మెత్తటి నీలం రబ్బరు పొర. ముల్లు పొడవు ఈ రెండింటి మందం కంటే తక్కువ, అందుకని ట్యూబు దాకా చేరనే చేరదు. కొన్ని టైర్లలో ముల్లుని ఆపడానికి గట్టి గుడ్డ పొర వేస్తారు, ఇందులో మందమే కాపలా. లారీ టైర్లు పగిలినప్పుడు రాలే సన్న ఇనప తీగ ముక్కలుంటాయి చూడండి, పంచర్లకి ఇక్కడ అదో పెద్ద కారణం, వాటిని కూడా బాగానే ఆపుతోంది. పక్కగోడలకి మాత్రం ఈ పొర లేదు, కాబట్టి పదునైన రాళ్ళ దారిలో దీన్నే నమ్ముకోవద్దు.

బరువు ఉంటుంది, ఒక్కోటి దాదాపు 900 గ్రాములు. ఆగి బయల్దేరేటప్పుడు ఆ బరువు తెలుస్తుంది. గట్టి టైరు కాబట్టి రిమ్ముకి ఎక్కించడానికి ఓపిక కావాలి, ఎండలో కాసేపు పెట్టి ఎక్కిస్తే కాస్త నయం. ధర కూడా తక్కువేం కాదు, నేను కొన్నప్పుడు జత నూరు డాలర్లు దాటింది. వేగంగా పోవాలనుకునే వాళ్ళకి ఇది నచ్చదు. కానీ సామాన్లు కట్టుకుని, ఎదురుగాలికో పక్కగాలికో గంటకి 11 మైళ్ళు పోయేవాడికి ఆ కొద్ది తేడా లెక్కలోకి రాదు, ఒక్క పంచర్‌కి పోయే అరగంట మాత్రం లెక్కలోకి వస్తుంది. ట్యూబు లేకుండా లోపల జిగురు ద్రవం పోసుకునే పద్ధతి కూడా పల్లేరుకి బాగా పనిచేస్తుంది. సైకిల్ షాపుకీ సైకిల్ షాపుకీ మధ్య చాలా దూరం ఉండే చోట చేత్తో బాగుచేసుకోగలిగిన ట్యూబు నాకు ధైర్యం, అంతే.

లియోటా దాటాక ఆ చివరి 22 మైళ్ళ గురించి కూడా చెప్పాలి. ముందు ఊరి ధాన్యం గోదాము తెల్లగా కనపడుతుంది, గంట తొక్కినా అంతే దూరంలో ఉన్నట్టుంటుంది. గ్రీలీ కౌంటీలో అడుగు పెట్టగానే టైమ్ ఒక గంట వెనక్కి వెళ్తుంది, అక్కడి నుంచి మౌంటెన్ టైమ్. అయిదు పంచర్లకి పోయిన రెండున్నర గంటల్లో ఒక గంట అలా తిరిగొచ్చిందని తమ్ముడు తెగ సంబరపడ్డాడు. కౌంటీకి పేరిచ్చిన హోరేస్ గ్రీలీ న్యూయార్క్ ట్రిబ్యూన్ పత్రిక పెట్టినాయన, ఊరికి ఆ పత్రిక పేరే పెట్టారు. చీకటి పడే ముందు చేరాం.

కొనేవాళ్ళు ఒకటి చూసుకోండి, మడ్‌గార్డుకీ టైరుకీ మధ్య చోటు సరిపోతుందో లేదో కొలవకుండా ఆర్డర్ పెట్టొద్దు, దీని ఎత్తు మామూలు టైరు కంటే ఎక్కువ. వారానికోసారి గాలి చూసుకోండి, నేను 65 పీఎస్ఐ ఉంచుతాను. సాయంత్రం ఆగినప్పుడల్లా ముళ్ళు పీకేయండి, వదిలేస్తే చక్రం తిరిగే కొద్దీ లోపలికి పోతాయి. నా వెనక టైరులో ఒకటి ఆ రోజు విరిగిపోయి రాలేదు, దగ్గరగా చూస్తే నల్లటి చుక్కలా ఇప్పటికీ కనపడుతుంది. దాని మీదే 600 మైళ్ళు తొక్కాను, గాలి నిలిచే ఉంది.