పేగుజబ్బు ఉన్నవారికి పీఎఫ్‌టీ: స్పైరోమెట్రీ ఒక్కటే సరిపోదు

పేగుల్లో దీర్ఘకాలం వాపు ఉండే క్రోన్స్, అల్సరేటివ్ కొలైటిస్ జబ్బులు ఊపిరితిత్తులనూ తాకవచ్చు. అందుకే ఇవి ఉన్నవారికి దగ్గు వారాల తరబడి తగ్గకపోతే పీఎఫ్‌టీ (ఊపిరితిత్తుల పనితీరు పరీక్షలు) రాయడం సబబే. చిక్కల్లా, చాలాసార్లు ఆ పేరుతో స్పైరోమెట్రీ (ఊదే పరీక్ష) ఒక్కటి చేసి పంపేయడం దగ్గరే. పూర్తి పరీక్షైతే మంచి మార్కులు వేయొచ్చు, సగం పరీక్షకు వేయలేం.

స్పైరోమెట్రీలో ముక్కుకు క్లిప్పు పెట్టుకుని, గుండెల నిండా గాలి పీల్చి, ఒక్క ఊపున పూర్తిగా ఊదాలి. కనీసం మూడుసార్లు సరిగ్గా రావాలి. వాటిలో మేలైన రెండింటి తేడా 150 మిల్లీలీటర్లు దాటకూడదు. అంకెలతోపాటు గ్రాఫు కూడా చూడాలి. గొంతు కింద శ్వాసనాళం ఇరుకైతే వంపు చదునుగా కనిపిస్తుంది. అది చూడకపోతే ఆస్తమా అని ఇన్‌హేలర్ రాసేస్తారు.

స్పైరోమెట్రీ కంటపడకుండా తప్పించుకోగలిగేది బ్రాంకియెక్టాసిస్. పేగుజబ్బుతో పెద్ద శ్వాసనాళాలకు వచ్చే సమస్యల్లో తరచుగా కనిపించేది అదే. నాళాలు శాశ్వతంగా వెడల్పయి కళ్లె నిలుస్తుంది. పెద్దపేగు తీసేశాక కూడా మొదలుకావచ్చు! తొలిదశలో స్పైరోమెట్రీ నార్మల్‌గా రావచ్చు కాబట్టి, రోజూ కళ్లె పడేవారికి హెచ్‌ఆర్‌సీటీ (ఊపిరితిత్తులను సూక్ష్మంగా చూపే సీటీ స్కాన్) కావాలి. గాలి వదిలాక తీసే చిత్రాలు కూడా ఉంటే చిన్న నాళాల్లో చిక్కిన గాలి తెలుస్తుంది.

పీఎఫ్‌టీలో వదులుకోకూడని భాగం డీఎల్‌సీఓ, అంటే ఊపిరితిత్తుల నుంచి రక్తంలోకి వాయువు ఎంత బాగా చేరుతుందో కొలిచే పరీక్ష. అతి కొద్దిగా కార్బన్ మోనాక్సైడ్ కలిపిన గాలిని పీల్చి 10 సెకన్లు బిగబట్టాలి. పేగుజబ్బుకు వాడే మెసలమైన్, సల్ఫాసలజైన్, మెథోట్రెక్సేట్ మందుల వల్ల అరుదుగా ఊపిరితిత్తులు వాస్తే ఈ అంకె పడిపోతుంది. రక్తహీనత ఉన్నా పడిపోతుంది, ఈ రోగుల్లో అది మామూలే. తాజా హిమోగ్లోబిన్ రిపోర్టు ఇచ్చి, దాని ప్రకారం సవరించిన డీఎల్‌సీఓ విలువ అడగండి. లేకుంటే నింద మందు మీద పడుతుంది. మందును సొంతంగా మాత్రం ఆపకండి.

పొట్ట ఆపరేషన్ జరిగి నాలుగు వారాలు కాకపోతే ముందే చెప్పాలి. స్టోమా (మలం బయటికి వచ్చేలా పొట్టపై చేసిన రంధ్రం) ఉంటే సంచి ఖాళీ చేసుకుని వెళ్లాలి, పక్కన హెర్నియా ఉంటే గట్టిగా ఊదేముందు డాక్టరును అడగాలి.

హఠాత్తుగా ఆయాసం, ఛాతీనొప్పి వస్తే ఈ పరీక్ష కోసం ఆగకండి. పేగుజబ్బులో రక్తం గడ్డకట్టే ముప్పు ఎక్కువ, నేరుగా ఎమర్జెన్సీకే వెళ్లాలి. యాంటీ టీఎన్‌ఎఫ్ మందు (రోగనిరోధక శక్తిని తగ్గించి వాపును అణచేది) వాడుతూ జ్వరం, దగ్గు వస్తే ముందు క్షయ పరీక్షలు, ఆ తర్వాతే ఊదడం.