లేక్ లూయీసా, మొరెయిన్ లేకా?

కెనడాలోని బాన్ఫ్ నేషనల్ పార్క్‌లో ఒక్క సరస్సు చూసే టైమే ఉంటే నా ఓటు మొరెయిన్‌కే. ఒడ్డున ఉన్న రాళ్ల గుట్ట ఎక్కి చూస్తే, చుట్టూ శిఖరాల మధ్య ఆ నీలం నిజమేనా అనిపిస్తుంది. హిమానీనదం కొండను అరగదీస్తే వచ్చే సన్నటి రాతిపిండి నీళ్లలో తేలుతూ వెలుతురును చెదరగొడుతుంది, అందుకే ఆ రంగు. చిక్కల్లా చేరుకోవడంలోనే. 2023 నుంచి సొంత కార్లను రానివ్వడం లేదు, షటిల్ ముందే బుక్ చేసుకోవాలి. దారి తెరిచి ఉండేది సుమారు జూన్ నుంచి అక్టోబర్ మధ్య వరకే. జూన్ మొదట్లో వెళ్తే ఇంకా మంచు కరగక నిరాశే మిగలొచ్చు.

లూయీస్‌కు ఏడాదంతా వెళ్లొచ్చు. ఎదురుగా విక్టోరియా హిమానీనదం, ఒడ్డు వెంబడి చదునైన బాట. పెద్దవాళ్లు వెంట ఉంటే ఇదే నయం. చలికాలంలో గడ్డకట్టిన సరస్సు మీద స్కేటింగ్ కూడా చేస్తారు. వేసవిలో జనం మాత్రం, అబ్బో! పార్కింగ్ దొరకడం గగనమే.