చేప చావుకు కారణం చెప్పే చుక్కల టెస్ట్ కిట్: కొన్నేళ్ల వాడకం తర్వాత

తొట్టె నీటిలో చేపల వ్యర్థాల నుంచి వచ్చే అమ్మోనియా, దాని నుంచి ఏర్పడే నైట్రైట్, నైట్రేట్, నీరు ఎంత ఆమ్లంగా ఉందో చెప్పే పీహెచ్ (అంకె తగ్గేకొద్దీ ఆమ్లం ఎక్కువ) వీటన్నిటినీ చుక్కల మందుతో కొలిచే టెస్ట్ కిట్‌ను నేను కొన్నేళ్లుగా వాడుతున్నాను. ఒక కిట్ పూర్తిగా అయిపోయాక మళ్లీ అదే రకం కొన్నాను కాబట్టి ఇవి కొత్త మోజులో రాస్తున్న మాటలు కావు. అక్వేరియంలో చేప చనిపోయినప్పుడు కారణం వెతకడానికి ఇది ఎంత పనికొస్తుంది, ఎక్కడ చేతులెత్తేస్తుంది అన్నదే ఈ సమీక్ష.

వాడకం తేలికే గాని ఓపిక కావాలి. గాజు గొట్టంలో గీత వరకు తొట్టె నీరు పోసి, చెప్పినన్ని చుక్కలు వేసి, కొన్ని నిమిషాలు ఆగి, వచ్చిన రంగును కార్డుతో పోల్చుకోవాలి. సీసాను వాలుగా పట్టుకుంటే చుక్క పరిమాణం మారి రీడింగు తప్పుతుంది కనుక నిటారుగా పట్టుకోవాలి. నైట్రేట్ రెండో సీసాలోని మందు అడుగున పేరుకుంటుంది. దాన్ని అర నిమిషం గట్టిగా కుదపకుండా వేస్తే నైట్రేట్ ఉన్నా లేనట్టే కనిపిస్తుంది. అన్నిటికంటే విసిగించేది అమ్మోనియా రంగు. పసుపుకూ లేత ఆకుపచ్చకూ మధ్య తేడా బల్బు వెలుతురులో అసలు తెలియదు. అందుకే నేను మరో గొట్టంలో డిస్టిల్డ్ వాటర్‌కు కూడా అదే పరీక్ష చేసి, రెండింటినీ పగటి వెలుతురులో పక్కపక్కన పెట్టి చూస్తాను.

ఈ కిట్ విలువ నాకు బాగా తెలిసింది ఒక గౌరామి చేప చనిపోయినప్పుడు. పాత తొట్టె, తేటగా ఉన్న నీరు, ఒంటి మీద మచ్చ గాని పుండు గాని లేని చేప. సగం నీరు మార్చిన మర్నాడే చనిపోవడంతో అనుమానమంతా కుళాయి నీటిలోని క్లోరిన్ మీదికి పోయింది గాని, క్లోరిన్ విరుగుడు మందు సరిపడా కలిపే ఉంది. అదే కాలంలో పెట్టి, దానిలాగే చాలాకాలంగా నీరు మార్చని మరో తొట్టె ఉంది. దాన్ని పరీక్షిస్తే పీహెచ్ కార్డులో అన్నిటికంటే కింద ఉన్న 6 దగ్గర, అమ్మోనియా ఏకంగా 4 పీపీఎం (పది లక్షల వంతుల్లో నాలుగు వంతులు) దగ్గర ఉన్నాయి. అయినా అందులోని చేపలు హాయిగా తిరుగుతున్నాయి. ఆ నీటిని, కుళాయి నీటిని ఒక మగ్గులో సగం సగం కలిపి చూస్తే పీహెచ్ 7.6కు ఎగబాకింది.

చిక్కుముడి అక్కడే వీడింది. కిట్ చూపేది మొత్తం అమ్మోనియాను. అందులో చేపకు విషమయ్యేది స్వేచ్ఛా అమ్మోనియా మాత్రమే. మిగిలినది చాలావరకు హాని చేయని అమ్మోనియం రూపంలో ఉంటుంది. 25 డిగ్రీల సెల్సియస్ దగ్గర పీహెచ్ 6 ఉన్నప్పుడు విషభాగం 0.1 శాతం కూడా ఉండదు, 7.6 దగ్గర అది 2 శాతం దాటుతుంది, 8 దగ్గర 5 శాతం దాటుతుంది. అంటే సగం నీరు మార్చి మొత్తం అమ్మోనియాను సగానికి తగ్గించినా, పీహెచ్ పెరిగినందువల్ల నీటిలోని విష అమ్మోనియా పరిమాణం సుమారు ఇరవై రెట్లయింది. చాలాకాలం నీరు మార్చని తొట్టెలో పీహెచ్‌ను నిలబెట్టే కార్బొనేట్లు ఖర్చయిపోయి నీరు ఆమ్లంగా మారుతుంది. ఆ ఆమ్లత్వంలో అమ్మోనియాను నైట్రేట్‌గా మార్చే బ్యాక్టీరియా మందగిస్తుంది, అమ్మోనియా పేరుకుంటుంది. ఇంతటి లెక్క అమ్మోనియా, పీహెచ్ రెండు రీడింగులనూ కలిపి చదివితేనే బయటపడుతుంది. నేను చూసిన, నీటిలో ముంచి రంగు చూసే పరీక్ష పట్టీలు చాలావాటిలో అసలు అమ్మోనియా గడే లేదు కనుక ఈ పనికి అవి చాలవు. రెండో తొట్టెలో మాత్రం నీటిని కొద్దికొద్దిగా, రోజులు విడిచి మార్చుకుంటూ వచ్చాను. అందులో చేపలేవీ చనిపోలేదు.

ఇక లోపాలు. ఆక్సిజన్, క్లోరిన్, రాగి వంటివి ఈ కిట్‌కు కనిపించవు. వేడెక్కిన నీటిలో ఆక్సిజన్ తగ్గి తెల్లవారేసరికి చేపలు పోయినా నాలుగు రీడింగులూ నిక్షేపంగానే వస్తాయి. రోగాల సంగతి చెప్పనే అక్కర్లేదు. పైగా చనిపోయిన చేప తొట్టెలోనే కుళ్లితే అదే అమ్మోనియాను పెంచుతుంది కాబట్టి, ఆలస్యంగా కొలిస్తే కారణమేదో, ఫలితమేదో తేల్చడం కష్టం. నైట్రైట్ ఎక్కువైతే రక్తం ఆక్సిజన్‌ను మోయలేక మొప్పలు గోధుమ రంగుకు తిరుగుతాయి. చేప చనిపోయిన కొద్దిసేపటికే మొప్పల రంగు ఎలాగూ మారిపోతుంది గనుక ఆ ఆనవాలు తాజాగా ఉన్నప్పుడే చూడాలి.

కిట్‌తో వచ్చే కాగితం చుక్కల లెక్క చెబుతుంది గాని, పీహెచ్‌కూ అమ్మోనియాకూ ఉన్న ఈ సంబంధాన్ని అందరికీ అర్థమయ్యేలా చెప్పదు. నా దృష్టిలో అది మందుల గడువు, రంగుల తికమకల కంటే పెద్ద లోటు. కార్బొనేట్లను కొలిచే కేహెచ్ సీసా కూడా ఇందులో లేదు. పాత తొట్టె ఉన్నవారు దాన్ని విడిగా కొనుక్కోవాలి. పీహెచ్ పడిపోకముందే హెచ్చరించేది అదే.