తాగే నీళ్లలో ఈదనివ్వాలా? క్వాబిన్, లేక్ మీడ్

రెండూ అమెరికాలో మనుషులు కట్టుకున్న సరస్సులే, రెండూ నగరాల దాహం తీర్చేవే. ఒడ్డుకొచ్చిన మనిషిని చూసే తీరులోనే తేడా.

మసాచుసెట్స్‌లోని క్వాబిన్ నీళ్లు బోస్టన్ ప్రాంతానికి వెళ్తాయి. దీనికోసం డానా, ఎన్‌ఫీల్డ్, గ్రీనిచ్, ప్రెస్కాట్ అనే నాలుగు ఊళ్లను 1938లో రద్దు చేశారు. సమాధులను సైతం తవ్వి వేరేచోటికి తరలించారు. అంత మూల్యం చెల్లించిన నీళ్లు కాబట్టే కాపలా గట్టిగా ఉంటుంది. ఈత లేదు, కుక్కలను తేకూడదు. చేపలు పట్టడానికి సొంత పడవ తెచ్చుకోవాలంటే ముందు దాన్ని శుభ్రం చేయించి, ట్రైలర్‌కు కలిపి సీలు వేయించుకోవాలి. పడవ అడుగున అంటుకొచ్చి సరస్సంతా పాకిపోయి, నీటి గొట్టాలను మూసేసే ఆల్చిప్పలంటే అంత భయం. ఫలితం? ఈ నీటికి వడపోత అక్కర్లేదు. ఓజోన్, అతినీలలోహిత కిరణాలు, క్లోరమిన్‌తో (క్లోరిన్, అమోనియా కలిసిన క్రిమినాశని) శుద్ధి చేస్తే సరిపోతోంది.

హూవర్ డ్యామ్ వెనకున్న లేక్ మీడ్‌లో ఈదొచ్చు, మోటారు బోట్లు నడపొచ్చు. లాస్ వేగస్ తాగేదీ ప్రధానంగా ఈ నీళ్లే, కాకపోతే వడపోసి. 2007లో ఇక్కడ క్వాగా అనే అలాంటి ఆల్చిప్పలే బయటపడ్డాయి. పైగా కరువు. నీటిమట్టం దిగిన కొద్దీ బోట్లు దింపే ర్యాంపులు మూతపడ్డాయి, కొండరాళ్ల మీద తెల్లటి చార మిగిలింది.

కుటుంబంతో నీళ్లలో ఆడుకోవాలంటే మీడ్‌కే వెళ్లాలి. కొత్తగా తాగునీటి చెరువు కట్టేవాళ్లు అడిగితే మాత్రం నేను క్వాబిన్ వైపే చూపిస్తాను. ఒకసారి చేరిన ఆల్చిప్పలను అంత పెద్ద సరస్సులోంచి ఏరి పారేయడం ఇంతవరకు ఎవరి వల్లా కాలేదు.