కడప కొండల మొక్కల బొమ్మలకు కసిమి, కరక్కాయ: చాలాకాలం వాడాక నా మాట

పాలకొండలు, లంకమల, శేషాచలం అడవుల్లో అరుదైపోతున్న మొక్కల్ని గుడ్డ మీద గీస్తుంటాను. కొన్నేళ్లుగా వాడుతున్నదంతా కలంకారీ వాళ్ల సరంజామానే: గాడా గుడ్డ (చలువ చేయని ముతక నూలు గుడ్డ), కరక్కాయ పొడి, గేదెపాలు, పటిక, నీలిమందు, ఇంట్లో ఊరబెట్టుకున్న కసిమి అనే నల్ల సిరా.

అన్నిట్లోకీ కసిమికే నా ఓటు. తుప్పు పట్టిన ఇనుప ముక్కలు, బెల్లం నీళ్లలో వేసి రెండు మూడు వారాలు ఊరనిస్తే చాలు. కరక్కాయ, పాలు పట్టించి ఆరబెట్టిన గుడ్డ మీద కలం ఆనించగానే గీత లేతగా పడుతుంది, చూస్తుండగానే నల్లబడుతుంది. కరక్కాయ వగరుతో ఇనుము కలిస్తే వచ్చే నలుపు అది. పాలల్లోని కొవ్వు సిరాను పాకనివ్వదు. ఎర్రచందనం బెరడు మొసలి వీపులా పలకలుగా చీలి ఉంటుంది కదా, ఆ పగుళ్లు గీయడానికి ఇంతకంటే మంచి సిరా నాకు దొరకలేదు. మొదట్లో వేసిన బొమ్మల్లో నలుపు ఇప్పటికీ చెక్కుచెదరలేదు. కసిమి మరీ చిక్కగా ఉంటే మాత్రం ఏళ్లు గడిచేకొద్దీ గీత పడిన చోట గుడ్డ పెళుసు బారుతుంది.

ఆకుపచ్చతోనే టెన్షన్. నీలిమందు, పసుపుపచ్చ ఒకదాని మీద ఒకటి వేస్తేనే అది వస్తుంది. ఎండ పడే గోడకు తగిలిస్తే పసుపుపచ్చ ముందు వెలిసిపోయి ఆకులు నీలంగా మిగులుతాయి. నీడలో పెట్టండి.

ఎరుపుకు పటిక రాసి, మంజిష్ఠ వేరు రంగులో ఉడికిస్తాను. ఎర్రచందనం చెక్కలోనూ చక్కటి ఎరుపు ఉంది, కానీ దాని జోలికి పోను. తూర్పు కనుమల దక్షిణ భాగంలో తప్ప సహజంగా ఎక్కడా పెరగని చెట్టు అది. అంతరించే ప్రమాదమున్న జాతుల అంతర్జాతీయ వ్యాపారాన్ని అదుపు చేసే సైటిస్ ఒప్పందం రెండో అనుబంధంలో 1995 నుంచి ఉంది. పేరిత అనే సైకస్ జాతి మొక్క ఉంది; దాని మగమొక్కల కంకుల్ని మందులకని కోసుకుపోయి దాన్నీ అరుదైపోయే స్థితికి తెచ్చాం. అలాంటి మొక్క బొమ్మ కోసం ఇంకో మొక్కను నరికితే ఆ బొమ్మకు అర్థమే లేదు.

గుడ్డను పారే నీళ్లలో ఉతకమంటారు. ఎండాకాలం పెన్నలో ఇసుకే కనిపించే మాకు అది కుదరదు. పెద్ద తొట్లలో నీళ్లు మార్చి మార్చి జాడిస్తాను. రంగు బాగానే నిలుస్తోంది, నీళ్లే ఎక్కువ పడతాయి. ఆ నీళ్లు అడుగంటిన నెలల్లో ఉడికించే పని ఆపేసి గీత పనే చేసుకుంటాను.

కరక్కాయలు మూలికల కొట్టులో కొనండి, కొండల్లో ఏరుకోవద్దు. అక్కడ పెరిగే, కరక్కాయ చెట్టుకు దగ్గరి జాతైన తెల్లకరక కాయలు కూడా రంగుకు పనికొస్తాయి, కానీ ఆ చెట్టూ మనం కాపాడుకోవాల్సిన వాటిలో ఒకటి.