ప్రొపెల్లర్ కొనేవాళ్లకు హెచ్చరిక: షాఫ్ట్‌కు పట్టినదల్లా మన బోటుకు సరిపోదు

ఫైబర్ బోటు వెనక బయటివైపు బిగించే అవుట్‌బోర్డు మోటారు పెట్టి వేటకు వెళ్లేవాళ్లు దయచేసి ఇది చదవండి. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా ఉండే 61 రోజుల వేట నిషేధంలోనే చాలామంది మోటార్లు విప్పించి బాగు చేయించుకుంటారు, అరిగిన ప్రొపెల్లర్లు మారుస్తారు. కిందటి ఏడాది నాకు జరిగినది ఇంకొకరికి జరగకూడదు.

మాది కాకినాడ దగ్గర. 9.9 హార్స్‌పవర్ మోటారు. మా బాబాయి, నేను, ఇంకో ఇద్దరు వెళ్తాం. గోదావరి వరదకు కొట్టుకొచ్చిన దుంగ తగిలి ప్రొపెల్లర్ రెక్క ఒకటి సగానికి విరిగింది. దాన్ని పట్టుకుని విడిభాగాల దుకాణానికి వెళ్లాను. దుకాణదారు దాని లోపల, మోటారు షాఫ్ట్‌కు (ప్రొపెల్లర్‌ను తిప్పే ఇరుసుకు) పట్టే పళ్లు లెక్కపెట్టి, అన్నే పళ్లున్న కొత్తది తెచ్చారు. "మీ షాఫ్ట్‌కు సరిగ్గా పడుతుంది బాబూ. పైగా వేగం పెరుగుతుంది, పెట్రోలు కలిసొస్తుంది" అన్నారు. ధర 4,200 రూపాయలు. పాతది ఇస్తే 300 తగ్గిస్తానన్నారు. ఇచ్చేశాను.

ఖాళీ బోటుతో ఒడ్డు దగ్గర తిప్పి చూస్తే బాగానే ఉంది. మర్నాడు తెల్లవారుజామున వలలు, ఐసు, నలుగురు మనుషులతో బయలుదేరితే మోటారు మూలగడం మొదలుపెట్టింది. హ్యాండిల్ చివరిదాకా తిప్పినా గొంతు లేవడం లేదు. వెనక నల్లటి పొగ. 12 లీటర్లతో పోయివచ్చే దూరానికి ఆ రోజు 15 లీటర్లు పట్టింది. వారం తిరిగేసరికి ప్లగ్గులు మసిబారి నల్లగా అయ్యాయి.

మెకానిక్ ప్లగ్ వైరుకు చుట్టే చిన్న ఆర్‌పీఎం (నిమిషానికి ఎన్ని చుట్లు) మీటరు తెచ్చి, బరువుతోనే బోటు నడిపించి చూశాడు. ఫుల్ థ్రాటిల్‌లో, అంటే హ్యాండిల్ చివరిదాకా తిప్పినా, 4,100 దాటలేదు. మా మోటారు పుస్తకంలో ఉన్నది 4,500 నుంచి 5,500. "పిచ్ ఎంతది వేశారు?" అని అడిగాడు. నాకు తెలియదు. పెట్రోలులో గుడ్డ ముంచి ప్రొపెల్లర్ బొడ్డు మీద రుద్దాడు. మందంగా కొట్టిన నల్ల రంగు కింద నుంచి అంకెలు బయటపడ్డాయి: 9¼ × 11. పక్క బోటుది కూడా ఇదే మోటారు. దాని ప్రొపెల్లర్‌కు పట్టిన నాచు తుడిచి చూస్తే 9¼ × 9.

మొదటి అంకె రెక్కల చుట్టు వ్యాసం, రెండోది పిచ్. రెండూ అంగుళాల్లోనే. చెక్కలోకి స్క్రూ దిగినట్లు, ఒక్క చుట్టుకు ప్రొపెల్లర్ ఎంత ముందుకు పోవాలో చెప్పేది పిచ్. నీళ్లు చెక్కలా గట్టివి కావు కాబట్టి నిజానికి అంత దూరం పోదు, బరువు బోటులో ఇంకా తగ్గుతుంది. పిచ్ ఒక అంగుళం పెరిగితే మామూలుగా 150 నుంచి 200 ఆర్‌పీఎం పడిపోతుందని లెక్క. చిన్న మోటారు, బరువు బోటు కావడంతో మాకు అంతకంటే ఎక్కువే పడింది. సరదాగా తిరిగే తేలికైన బోటుకు 11 పనికొస్తుందేమో. వలలూ ఐసూ మోసే బోటుకు వేస్తే, ఎత్తు ఎక్కే లారీని పై గేరులో ఉంచి తోలినట్లే. అలాగే నడిపితే మోటారు వేడెక్కుతుంది, లోపల మసి పేరుకుంటుంది, చివరికి పిస్టన్‌కే ముప్పు. పిచ్ మరీ తక్కువైనా నష్టమే. మోటారు హద్దు మీరి తిరుగుతుంది.

అంతకంటే పెద్ద భయం పన్నెండో రోజున పట్టుకుంది. వేట ముగించుకుని వస్తుంటే, హోప్ ఐలాండ్ ఇంకా దూరంగా కనిపిస్తుండగా, మోటారు ఒక్కసారిగా కీచుమంది. బోటు కదల్లేదు. ప్రొపెల్లర్ బొడ్డులో రబ్బరు బుష్ ఉంటుంది. రాయో దుంగో తగిలితే గేర్లు విరగకుండా అదే దెబ్బ కాస్తుంది. మా దానిలో ఆ రబ్బరు పట్టు వదిలేసింది. షాఫ్ట్ తిరుగుతోంది, రెక్కలు తిరగడం లేదు. గాలి పెరుగుతోంది. బాబాయి థ్రాటిల్ బాగా తగ్గించి, రబ్బరు పట్టినంత మేర నెమ్మదిగా లాగించారు. ఒడ్డు చేరడానికి మూడు గంటలు పట్టింది.

దుకాణానికి తీసుకెళ్తే "ఎక్కడో కొట్టి ఉంటారు, వాడిన వస్తువు వెనక్కి తీసుకోం" అన్నారు. రెక్కల మీద ఒక్క గీత కూడా లేదని చూపించినా వినలేదు. బిల్లు మీద ఉన్నది "ప్రొపెల్లర్ 1" అని మాత్రమే. నా పాత ప్రొపెల్లర్ 9 పిచ్‌ది అని చూపడానికి అది నా చేతిలో లేదు.

కొనబోయేవాళ్లు ముందు మోటారు పుస్తకంలో ఫుల్ థ్రాటిల్ ఆర్‌పీఎం ఎంతో చూసి పెట్టుకోండి. కొత్తదాని మీద రంగు ఉంటే తుడిపించి అంకెలు మీ కళ్లతో చదవండి. వ్యాసం, పిచ్, పార్ట్ నంబరు బిల్లులో రాయించండి. రాయనంటే ఆ దుకాణంలో కొనకండి. రబ్బరు ఒక పక్క మందంగా, ఒక పక్క పలచగా ఉన్నా, బీటలున్నా వద్దు. బిగించేటప్పుడు ప్రొపెల్లర్‌కు ముందు ఉండే వాషరు మరిచిపోకండి, నట్టు ఊడకుండా పెట్టే స్ప్లిట్ పిన్ కొత్తది వేయండి. తర్వాత షాఫ్ట్ దూరే లోపలి గొట్టం నుంచి రబ్బరు మీదుగా బయటి బొడ్డు దాకా పెయింటుతో ఒక సన్నని గీత గీయండి. మొదటి వేట నుంచి రాగానే చూడండి. గీత తెగి పక్కకు జరిగి ఉంటే రబ్బరు జారుతున్నట్లే. ఆ ప్రొపెల్లర్‌తో మళ్లీ సముద్రంలోకి పోవద్దు. ఖాళీ బోటుతో పరీక్ష సరిపోదు, నిండు బరువుతోనే మీటరు పెట్టించండి.

ఇప్పుడు మా బోటులో 9 పిచ్‌దే ఉంది. బరువుతో 4,900 చూపిస్తోంది. రెండోది ఒకటి, నట్టు, పిన్నులు, స్పానరు సంచిలో కట్టి ఎప్పుడూ బోటులోనే ఉంచుతున్నాం. విరిగినదైనా సరే, మీ పాత ప్రొపెల్లర్‌ను మాత్రం ఎవరికీ ఇవ్వకండి. 300 కాదు, 1,000 తగ్గిస్తామన్నా ఇంటికి తెచ్చుకోండి.